ఒకే షేడు, నాలుగు గోడలు, నాలుగున్నరేళ్లు

మా వెనక గదికి 2021 సంక్రాంతి ముందు నేనూ మా బావమరిదీ కలిసి రంగు వేశాం. నాలుగు గోడలకీ ఒకే కంపెనీ, ఒకే షేడు, ఒకే రోజు షాపులో కలిపించిన డబ్బాలు. ఈ 2025 వానాకాలంలో ఆ గదిలో నిలబడి చూస్తే తూర్పు గోడ మొన్న వేసినట్టుంది. పడమటి గోడ మాత్రం మొదటి వానాకాలం దాటకుండానే పొంగిపోయింది. అందుకే ఏ కంపెనీ అని అడిగినవాళ్లకి నేను పేరు చెప్పను. చెప్తే తూర్పు గోడ చూసినవాళ్లు కొనేస్తారు, పడమటి గోడ చూసినవాళ్లు తిట్టుకుంటారు, డబ్బాలో ఉన్నది రెండింటికీ ఒకటే.

మాది భీమవరం. ఇల్లు మా నాన్నగారు 1998లో కట్టించారు, గ్రౌండ్ ఫ్లోరే. మా వైపు నేల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాస్త తవ్వితే నీరు, అదీ ఉప్పు నీరు. గోడలకి కింద నుంచి నెమ్ము ఎక్కడం ఇక్కడ చాలా ఇళ్లలో మామూలే. గది 10 బై 12, ఎత్తు 10 అడుగులు. పడమటి గోడకి అవతల బాత్రూం ఉంది. ఈ ఒక్క ముక్క అప్పుడే సరిగ్గా ఆలోచించి ఉంటే నేను రాసేది సగానికి సగం తగ్గేది.

మేమే వేసుకోవాలని మొదట అనుకోలేదు. మేస్త్రిని అడిగితే సామాను మాది, లేబర్ 6 వేలు అన్నాడు, అది ఎక్కువేం కాదు కూడా. కానీ పండక్కి ముందు నెలలో మా వైపు పెయింటర్ దొరకడం కష్టం. పండగ మూడు రోజులూ పందెం బరుల దగ్గర కనిపిస్తారు గానీ దానికి ముందు ఫోన్ ఎత్తరు. సరే, గదే కదా, మనమే వేసేద్దాం అన్నాడు మా బావమరిది. వాడు హైదరాబాద్‌లో ఐటీ, వర్క్ ఫ్రం హోం అని మా ఇంట్లో ఉన్నాడప్పుడు, వీడియోలు బాగా చూశాడు.

లెక్క చెప్తాను. చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తు 10, అంటే 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే 400 దాకా. పైకప్పు 120 వేరే. మధ్యరకం ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) రెండు కోటింగులకి లీటరుకి 60, 70 చదరపు అడుగులు వస్తుంది అన్నాడు షాపాయన, అది మాకు సరిగ్గానే సరిపోయింది. నాలుగు లీటర్ల డబ్బాలు రెండు తీసుకున్నాం, లీటరు పైనే మిగిలింది. లప్పం (రంగుకి ముందు గోడ నున్నగా రావడానికి పట్టించే పుట్టీ) 20 కేజీల బస్తా ఒకటి, తర్వాత చాలక ఇంకోటి. ప్రైమర్ (లప్పం మీద, రంగుకి ముందు వేసే పూత) నాలుగు లీటర్లు, సీలింగుకి తెల్ల ఎమల్షన్, రోలరు, బ్రష్షులు, సాండ్ పేపరు, టేపు. అన్నీ కలిపి ఆరు వేల చిల్లర అయ్యింది. లేబర్ మిగిలింది అనుకున్నాం. తర్వాత పడమటి గోడకి పెట్టింది కలిపితే మిగిలిందేం లేదు.

షాపులో ఇంకో సంగతి. బిల్లు కొట్టేముందు ఆయన అడిగిన మొదటి మాట "మేస్త్రి ఎవరండి?". చాలా కంపెనీల డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్ ఉంటుంది, మేస్త్రి దాన్ని స్కాన్ చేసుకుంటే పాయింట్లో డబ్బులో వస్తాయి. మనం మేస్త్రిని పంపి తెప్పించుకుంటే ఆ లాభం ఆయనది, అది తప్పని నేను అనను, అదీ ఆయన సంపాదనలో భాగమే. కానీ మేమే వేసుకుంటున్నాం అని చెప్పి గట్టిగా అడిగితే కొంత తగ్గించాడు. అడక్కపోతే తగ్గించడు.

ఇక అసలు పని గోకడం. రంగు వేయడం ఒక రోజున్నర పట్టింది, దానికి ముందు గోకడం, లప్పం, సాండ్ పేపరు ఆరు రోజులు. గోకుతుంటే ఇంటి చరిత్ర అంతా బయటికొచ్చింది. పైన లేత నీలం డిస్టెంపరు (చవక రకం గోడ రంగు), దాని కింద గులాబీ రంగు (మా అక్క పెళ్లికి వేయించింది), దాని కింద నీలిమందు కలిపిన సున్నం, మా నాన్న ఇంటి మొదటి వెల్ల. ఉత్తరం, పడమర గోడలకి ఛాతీ ఎత్తు దాకా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కూడా ఉంది. నెమ్ము కనిపించకుండా, తుడుచుకోవడానికి వీలుగా అప్పట్లో అలా వేసేవాళ్లు. అరచేత్తో గోడని గట్టిగా రుద్దితే తెల్లపొడి అంటుకుంటోందంటే అది పాత సున్నం, డిస్టెంపరు ఇంకా వదులుగా ఉన్నట్టు. దాని మీద లప్పం పెడితే లప్పం గోడకి కాదు, ఆ పొడికి అతుక్కుంటుంది. ఆయిల్ పెయింటు మీద అయితే నున్నగా ఉంటుంది కాబట్టి అసలు పట్టు దొరకదు, గరుకు సాండ్ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి.

ఇక్కడ ఒక తెలివితక్కువ పని చేశాం. ఆ ఆకుపచ్చ పెయింటుని ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని పొడిపొడిగా రుద్దేశాం. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూలు మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మా ఆకుపచ్చ దానికి చాలా ముందుది. ఆ దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం. మా పాపకి అప్పుడు మూడేళ్లు, అదృష్టం బాగుండి ఆ వారం అమ్మమ్మ వాళ్లింట్లో ఉంది. పాత ఇల్లు గోకేవాళ్లు నీళ్లు చల్లుకుంటూ తడిగా రుద్దండి, మంచి మాస్కు కొనుక్కోండి, రంగు డబ్బాకి పెట్టే డబ్బుల్లో అదెంత.

తూర్పు, దక్షిణం గోడలు రెండున్నర రోజులు గోకాం. సున్నం పొర దాకా వెళ్లి, కొన్నిచోట్ల ప్లాస్టరింగ్ దాకా వెళ్లి, తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాం. ఉత్తరం గోడకి వచ్చేసరికి చేతులు నొప్పులు. పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారి వాళ్లు రెండు రోజుల ముందే బయల్దేరుతున్నామని ఫోన్ చేశారు. పూటలో గోకేశాం, ఊడేదంతా ఊడగొట్టి, ఊడనిదాన్ని గట్టిగా ఉంది కదా అని వదిలేశాం. గోడ కింది భాగంలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అమ్మ చూసి "ఒరేయ్, ఈ గోడకి నెమ్ముందిరా, మీ నాన్న ఉన్నప్పుడూ ఇంతే, దీనికి వెల్ల వేసి ఊరుకో" అంది. చలికాలం కదమ్మా, అన్ని గోడలూ చల్లగానే ఉంటాయి అన్నాను.

లప్పం గురించి రెండు ముక్కలు. కొద్దికొద్దిగా కలుపుకోవాలి, రెండు మూడు గంటల్లో బిగుసుకుపోతుంది. మొదటిరోజు ఉత్సాహంలో సగం బకెట్ కలిపి మూడో వంతు పారబోశాం, రెండో బస్తా అందుకే. పల్చగా రెండుసార్లు వేయాలి, గుంట ఉంది కదా అని ఒకేసారి మందంగా నింపితే ఎండాక పగుళ్లిస్తుంది. రుద్దేటప్పుడు గది చీకటి చేసి, ఫోన్ టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వెలుతురు కొట్టి చూడండి, పగలు కనిపించని గీతలూ గుంటలూ అన్నీ నీడలు పడి కనిపిస్తాయి. ఇది మా బావమరిది వీడియోల్లో నేర్చుకున్నదాంట్లో నిజంగా పనికొచ్చిన ఒకే ఒక్కటి. ఇక దుమ్ము. తలుపు కింద గుడ్డ దోపినా ఇల్లంతా పట్టింది, ఫ్రిజ్ మీద, పూజ గదిలో, బియ్యం డబ్బా మూత మీద. అమ్మ మూడు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

ప్రైమర్ మానేయొచ్చు అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మాకు అనుకోకుండా దానికి పరీక్ష జరిగింది. దక్షిణం గోడ మూలలో బీరువా వెనక రెండడుగుల మేర ప్రైమర్ వేయడం మర్చిపోయాం. అక్కడ రంగు వేస్తుంటే లప్పం పీల్చేసింది, రెండు కోటింగులూ వేశాక కూడా పక్కదాని కంటే పాలిపోయినట్టు ఉంది. ఇప్పుడు తడిగుడ్డ పెట్టి రుద్దితే ఆ రెండడుగుల్లో గుడ్డకి రంగు అంటుతుంది, పక్కన ప్రైమర్ ఉన్నచోట అంటదు. బీరువా అడ్డం ఉంది కాబట్టి పరువు దక్కింది.

షేడు విషయంలో మోసపోయాం. కార్డు మీద చూస్తే చక్కగా మజ్జిగ రంగు. నాలుగు గోడలకీ ఎక్కాక ముద్దపప్పు రంగు అయ్యి కూర్చుంది. ఒక గోడ రంగు ఎదురు గోడ మీద పడి, అది మళ్లీ దీని మీద పడి, గదిలో రంగు కార్డు కంటే ముదురుగా కనిపిస్తుంది. పైగా షాపులో ఉన్న లైటు వేరు, మా గదిలో అప్పటి ట్యూబ్‌లైటు వేరు, తర్వాత పెట్టిన పసుపు వెలుతురు ఎల్‌ఈడీ వేరు. మిషన్ మీద కలిపిన రంగు మా షాపులో వెనక్కి తీసుకోరు. ఇప్పుడు ఎవరైనా అడిగితే అన్నిటికంటే చిన్న డబ్బా ఒకటి కలిపించి, గోడ మీద రెండడుగులు వేసి, పొద్దునా రాత్రీ చూసుకుని, కావాలనుకున్నదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోమంటున్నా.

రంగు వేయడం సులువే. ముందు సీలింగు, తర్వాత గోడలు, అంచులు బ్రష్షుతో, మిగతాది రోలరుతో. ఉక్కపోస్తోందని ఫ్యాన్ వేసుకున్నాం, దాంతో రోలరు ఒక వరస దాటి రెండో వరసకి వచ్చేలోపే మొదటి అంచు ఆరిపోయి అతుకు గీతలు పడ్డాయి, ఉత్తరం గోడ మీద ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం ఇప్పటికీ కనిపిస్తాయి. తలుపు ఫ్రేముకి అంటించిన టేపుని రంగు పూర్తిగా ఎండిపోయాక రెండు రోజులకి పీకాం, టేపుతోపాటు రంగు చారలు చారలుగా లేచొచ్చింది. కాస్త తడిగా ఉండగానే తీసేయాలట.

ఇప్పుడు వాడకం. మాది వాషబుల్ అని అమ్మిన రకం, కొంచెం మెరుపున్నది. మంచం తల వైపు కొబ్బరినూనె మరక రెండో ఏడాదికే గుండ్రంగా పడింది. సబ్బునీళ్ల గుడ్డతో తుడిస్తే సగం పోతుంది, మళ్లీ వస్తుంది, చివరికి ఒక చెక్క పలక అడ్డం పెట్టాం. పాప క్రేయాన్లు పోయాయి, పెన్సిల్ పోయింది, బాల్‌పెన్ను పోలేదు, పైగా రుద్దిరుద్ది అక్కడ మెరుపు ఎక్కువై వెలుతురులో అద్దం ముక్కలా కనిపిస్తుంది. దోమని అరచేత్తో కొట్టిన మరకలు (భీమవరంలో దోమల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది) వెంటనే తుడిస్తే పోతాయి, మర్నాడైతే కష్టం. స్విచ్‌బోర్డు చుట్టూ నలుపు ఆరు నెలలకోసారి తుడుస్తాం, పోతుంది. పాప పుట్టినరోజుకి బుడగలు సెల్లోటేపుతో అంటించారు, పీకినప్పుడు ఉత్తరం గోడ మీద లప్పంతో సహా ఊడొచ్చింది, తూర్పు గోడ మీద టేపు జిగురు మాత్రమే మిగిలింది. అదే రంగు, అదే టేపు, తేడా గోకిన దాంట్లోనే ఉంది. బీరువా వెనక నల్ల బూజు పట్టింది, అది గోడకి ఆనించి పెట్టినందుకు, నాలుగంగుళాలు జరిపాక మళ్లీ రాలేదు.

టచప్ మీద ఆశలు పెట్టుకోకండి. మిగిలిన లీటరు రంగుని మూత బిగించి దాచాను, మూడో ఏట తీసి మేకుల కన్నాల మీద వేశాను. షేడు అదే, కానీ గోడ మీదది మూడేళ్ల వెలుతురూ అగరబత్తి పొగా చూసింది, డబ్బాలోది చూడలేదు. మచ్చలు మచ్చలుగా తెలిసిపోయింది. వేస్తే మూల నుంచి మూల దాకా గోడంతా వేయాలి, లేదంటే కన్నం మీద క్యాలెండర్ తగిలించుకోవాలి.

ఇక పడమటి గోడ. 2021 ఆగస్టులో కింద రెండడుగుల ఎత్తులో చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. వేలితో నొక్కితే లోపల పిండి. దీపావళికల్లా పెచ్చులు, వెనక దూదిలాంటి తెల్లపొడి, నాలుకకి తగిలిస్తే ఉప్పు (తగిలించి చూశాను, మీరు చూడకండి). గోడలో నీరు లోపలి ఉప్పుని కరిగించి పైకి తెస్తుంది, నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే గడ్డకట్టి ఉబ్బుతుంది, లప్పాన్నీ రంగునీ ముందుకి తోసేస్తుంది. పైన ఎంత ఖరీదైన రంగు ఉన్నా దానికి లెక్క లేదు. నేనేం చేశానంటే, పెచ్చులు గీకి, మళ్లీ లప్పం పెట్టి, మళ్లీ రంగు వేశాను. 2022లో మళ్లీ పొంగింది. ఈసారి మేస్త్రిని పిలిచాను. ఆయన గోడ మీద ఇలా తట్టి చూసి "ఇది పెయింటు పని కాదండి, ప్లంబరు పనండి" అని, ఒక్క రూపాయి తీసుకోకుండా టీ తాగి వెళ్లిపోయాడు.

నమ్మబుద్ధి కాక ఒక పరీక్ష చేశాను. పాలిథిన్ కవరు ముక్కని గోడ మీద నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేశాను. కవరు లోపలివైపు, అంటే గోడవైపు నీటి బొట్లు పట్టాయి. బయటివైపు పట్టి ఉంటే అది గదిలోని తేమ, లోపల పట్టింది కాబట్టి గోడలోంచి వస్తున్నదే. బాత్రూంలో టైల్స్ మధ్య సిమెంటు పోయి ఉంది, కుళాయి వెనక జాయింటు చెమరుస్తోంది. 2023 చివర్లో జాయింటు మార్పించి, టైల్స్ సందులు మళ్లీ నింపించాం. తర్వాత పడమటి గోడకి మూడడుగుల ఎత్తు దాకా పాత ప్లాస్టరింగ్ కొట్టేసి, గోడని నాలుగు నెలలు అలాగే బోసిగా వదిలేశాం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఏంటండీ ఇల్లు కూలుతోందా అని అడిగేవాళ్లు. 2024 ఏప్రిల్, మే ఎండల్లో పూర్తిగా ఆరాక కొత్త ప్లాస్టరింగ్, అది మళ్లీ నెల పైన ఆరాక లప్పం, ప్రైమర్, రంగు. మొత్తం 14 వేలు. గది మొత్తానికి మొదట పెట్టిన ఖర్చుకి రెట్టింపు పైనే.

రెండు వానాకాలాలు చూసింది, పై భాగం బాగుంది. కింద స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) మీద ఆరంగుళాలు మాత్రం మళ్లీ తెల్లగా పొడి రావడం మొదలైంది, అది బాత్రూం నీరు కాదు, నేలలోంచి ఎక్కేది, ఇల్లు కట్టినప్పుడు పునాది మీద నెమ్ము ఎక్కకుండా అడ్డం వేయాల్సిన పొర వేయలేదో, వేసినా పోయిందో. ఆ ఆరంగుళాలకి లప్పం గీకేసి పొడి బ్రష్షుతో దులిపి అమ్మ చెప్పినట్టు సున్నమే వేశాను. సున్నం లోపలి తేమని ఆపదు, బయటికి పోనిస్తుంది, కాబట్టి పొంగదు, రాలితే కొంచెం రాలుతుంది, ఏడాదికోసారి బ్రష్షు తిప్పితే అయిపోతుంది. రంగు తేడా కనిపిస్తుంది, మంచం అడ్డం ఉంది. అమ్మ ఏమీ అనలేదు, సున్నం బకెట్ తనే తెచ్చి ఇచ్చింది.

ఈ సంక్రాంతికి హాలుకి వేయించాలి. ఈసారి మేమే వేసుకోవట్లేదు, అదే మేస్త్రికి ఇప్పుడే, సెప్టెంబర్లోనే చెప్పేశాను. గోకడానికి చదరపు అడుగు లెక్క కాకుండా రోజు కూలీ ఇస్తాను, ఎన్ని రోజులైనా పర్లేదు అంటే ఆయన కొంచెంసేపు నా మొహం చూసి "అలాగైతే మా తమ్ముణ్ణి పంపుతానండి, వాడికి ఓపికెక్కువ" అన్నాడు. రంగు ఇంకా తేలలేదు. అమ్మ తెలుపంటోంది, పాప వంకాయ రంగంటోంది.